నాన్న తిండికి 81 మార్కులు, హెచ్‌బీఏ1సీ 7.9. ఈ స్కోర్లు దేన్ని కొలుస్తున్నట్టు?

కృష్ణాతీరం
మా ఆఫీసులో ఆరోగ్య బీమాతో పాటు ఒక యాప్ కూడా అంటగట్టారు. రోజూ తిన్నవన్నీ అందులో నమోదు చేస్తే వారాంతంలో ‘ఆహార నాణ్యత’ అంటూ 100కి మార్కులు వేస్తుంది. సరదాకి నాన్నగారి తిండి కూడా ఎక్కించాను. ఆయనకి 81. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కొర్రల అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర, మజ్జిగ, రాత్రికి జొన్న రొట్టెలు. బయటి తిండి లేదు, స్వీట్లు లేవు. నాకు 46. వారంలో సగం రోజులు హోటల్ తిండే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు.

అసలు తిరకాసు ఇక్కడే. ఆయనకి షుగర్ ఉంది, పోయిన నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.9 వచ్చింది. నాకు అన్నీ నార్మల్. ఇంతకీ ఈ మార్కులు వేసేది ఎవరు, దేన్ని బట్టి వేస్తారు? వీటికీ జబ్బులకీ నిజంగా లంకె ఉందా, లేక అంతా కంపెనీల హడావుడేనా?

ఆవకాయ_అభిమాని
46తో అన్నీ నార్మలా! ఆ హోటల్ అడ్రస్ పెట్టండి ముందు.

గోదారోడు66
హడావుడే. మా తాత మూడు పూటలా తెల్లన్నమే తిన్నాడు, తొంభై దాటి బతికాడు. ఆయనకి ఏ యాప్ మార్కులేసింది?

నీలవేణి_డైట్
@గోదారోడు66 మీ తాతగారు అన్నం తిని కుర్చీలో కూర్చోలేదు కదండీ, చేలోకి వెళ్ళారు. ఆ అన్నం మనం తింటే లెక్క వేరు.

@కృష్ణాతీరం ఒక్క మాట అడుగుతాను. నాన్నగారు కొర్రలు, రాగులు మొదలుపెట్టింది షుగర్ బయటపడక ముందా, తర్వాతా?

కృష్ణాతీరం
తర్వాతే. అంతకుముందు రోజూ సన్నబియ్యమే, సాయంత్రం జంతికలు, కాఫీలో రెండు చెంచాల పంచదార. డాక్టరు చెప్పాక అమ్మ వంటిల్లంతా మార్చేసింది.

లెక్కలమాస్టారు
నీలవేణి గారు సరైన చోట పట్టుకున్నారు. ఇప్పుడు మీ వీధిలో సర్వే చేసి కొర్రలు తినేవాళ్ళలో ఎందరికి షుగర్ ఉందో చూస్తే, తినని వాళ్ళకంటే ఎక్కువే తేలొచ్చు. కొర్రల వల్ల షుగర్ రాలేదు, షుగర్ వల్ల కొర్రలు వచ్చాయి. ఒక్క రోజున తిండినీ జబ్బునీ కలిపి కొలిచే ప్రతి సర్వేలోనూ ఈ చిక్కు ఉంటుంది. అందుకే మంచి అధ్యయనాల్లో జబ్బు లేనివాళ్ళని ముందే ఎంచుకుని, వాళ్ళ తిండి రాసుకుని, ఏళ్ళ తరబడి వెంబడిస్తారు.

గ్రీసులో అలాగే చేశారు. 22 వేల మంది పెద్దవాళ్ళ తిండి మధ్యధరా తీరపు సంప్రదాయ తిండికి ఎంత దగ్గరగా ఉందో చూసి 0 నుంచి 9 దాకా ‘మెడిటరేనియన్ స్కోరు’ వేసి, తర్వాత ఎవరు చనిపోయారో చూశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. రెండు పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్ళలో మరణాలు దాదాపు 25 శాతం తక్కువ. కాబట్టి లంకె లేదని అనలేం.

కానీ ఆ పాయింట్లు వేసిన తీరు చూడండి. కూరగాయలు అక్కడి జనంలో నడిమి మనిషి తినేంత గానీ అంతకు మించి గానీ తింటే 1, లేకపోతే 0. అంటే పక్కవాళ్ళతో పోలికే. అదే పద్ధతి మన దగ్గర పెట్టామనుకోండి. ఊరంతా గుప్పెడు కూరతోనే సరిపెట్టుకుంటుంటే, గుప్పెడున్నర తినేవాడికి పూర్తి పాయింటు వచ్చేస్తుంది.

గోదారోడు66
అంటే మా ఊళ్ళో నేనే ఫస్ట్ ర్యాంకు.

డల్లాస్_దోసె
ఇక్కడ అమెరికాలో ‘హెల్దీ ఈటింగ్ ఇండెక్స్’ అని ఒకటుంది. వాళ్ళ వ్యవసాయ శాఖది, 1995 నుంచి నడుస్తోంది. ఇప్పుడు 13 అంశాలు, మొత్తం 100 మార్కులు. దేశం సగటే 60 లోపు. ఒకసారి మన భోజనాన్ని అందులో పెట్టి చూశాను. తెల్లన్నం దగ్గరే 20 మార్కులు పోతాయి. ముడి ధాన్యాలకి 10, పాలిష్ ధాన్యాలు తగ్గించినందుకు 10. రెండూ సున్నా. ఇక ఆకుకూరలు, పప్పుదినుసులు కలిపి ఒక గడి, దానికి 5 మార్కులే! పప్పు ప్రొటీన్ కిందా మళ్ళీ లెక్కకొస్తుంది అనుకోండి, అయినా మనసు చివుక్కుమంది. పాలు, పెరుగుకి మాత్రం 10.

కృష్ణాతీరం యాప్ కూడా దాన్నే కొంచెం అటూ ఇటూ చేసి వాడుతూ ఉండొచ్చు. చాలా యాప్‌లు అదే చేస్తాయి.

నీలవేణి_డైట్
@డల్లాస్_దోసె మీరు చెప్పిన దాంట్లో ఇంకో మెలిక ఉంది. ఆ మార్కులు చాలావరకు ‘1000 క్యాలరీలకి ఎంత’ అన్న లెక్కలో పడతాయి. మొత్తం ఎంత తిన్నారన్నది లెక్కలోకి రాదు. ఒక కప్పు కొర్రన్నం, ఒక కప్పు పప్పు, ఒక కప్పు కూర తిన్నవాళ్ళకీ, అవే మూడేసి కప్పులు లాగించినవాళ్ళకీ ఒకే మార్కు. 81 వచ్చి కూడా షుగర్ అదుపులో లేకపోవడానికి ఇదొక్కటి చాలు. @కృష్ణాతీరం నాన్నగారు కొర్రన్నం ఎంత పెట్టించుకుంటారు?

కృష్ణాతీరం
“మంచిదే కదా” అని బాగానే పెట్టించుకుంటారు. అన్నం తినేటప్పటి కంటే ఎక్కువే అని అమ్మ అంటోంది.

నీలవేణి_డైట్
నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ మాట వినని వారం లేదు. సిరిధాన్యాలు మందు కావు, అవీ పిండిపదార్థమే. 2025లో ఐసీఎంఆర్-ఇండియాబ్ (దేశవ్యాప్త షుగర్ సర్వే) వాళ్ళ ఆహార విశ్లేషణ వచ్చింది, లక్షా 20 వేలకు పైగా జనంతో చేసిన సర్వేలో భాగంగా. మన దేశంలో తినే క్యాలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయట. అందులో తెల్లబియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టుకున్నంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనబడలేదు. మొత్తం క్యాలరీల్లో 5 శాతం మేర పిండిపదార్థాలు తీసేసి ఆ చోట పప్పు, పెరుగు, గుడ్డు, చేప లాంటి ప్రొటీన్ పెడితే ముప్పు తక్కువ ఉంటుందని లెక్క తేలింది.

సన్నబియ్యం_సతీష్
మరి తెలంగాణ సోనా? మా ఇంట్లో అదే. జిఐ తక్కువంట కదా.

నీలవేణి_డైట్
తక్కువే, 51 చిల్లర. అలాగని కంచం నింపేస్తే రక్తంలోకి వెళ్ళే చక్కెర మొత్తం పెరగదా ఏమిటి? జిఐ (గ్లైసీమిక్ ఇండెక్స్) చెప్పేది రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో. ఎంత తినాలో అది చెప్పదు.

సర్వేఅక్క
మీరంతా మార్కుల దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, అసలు మనిషి ఏం తిన్నాడో రాసుకోవడమే పెద్ద పని. నేను కొన్నేళ్ళు పాలమూరు, కర్నూలు వైపు పల్లెల్లో ఆహార సర్వేలకి తిరిగాను. మా పద్ధతి ‘నిన్న పొద్దున్నుంచి ఇవాళ పొద్దున దాకా ఏం తిన్నావమ్మా’ అని అడగడం. కొలత గిన్నెల సెట్టు, చెంచాలు సంచిలో మోసుకెళ్ళేవాళ్ళం. పచ్చి సరుకు ఎంత పోశారు, వండాక ఎంత అయింది, అందులో ఎవరి వాటా ఎంత అని రాయాలి. పప్పుచారు దగ్గరే ప్రాణం పోతుంది. ఒక ఇంట్లో చిక్కగా, ఇంకో ఇంట్లో నీళ్ళలా ఉంటుంది. “ఒక గిన్నె పప్పు” అని రాస్తే అందులో కందిపప్పు 30 గ్రాములు ఉందో 8 గ్రాములు ఉందో ఎవరికి తెలుసు?

అడగ్గానే “ఏముంటది, అన్నం, చారు” అంటారు. టీ గుర్తుండదు. పిల్లాడు వదిలేస్తే తిన్న ముద్దలు గుర్తుండవు. చేలో నోట్లో వేసుకున్న పల్లీలు అసలు తిండి కిందే జమ కట్టరు. కొంచెం చదువుకున్న ఇంటికి పోతే ఇంకో రకం. మేము వచ్చామని ఆకుకూర ఒకటి అదనంగా చెప్తారు. నూనె అయితే రోజు లెక్క అడిగి లాభం లేదు, నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటారో అడిగి ఇంట్లో మనుషుల్ని బట్టి పంచేవాళ్ళం. పండగ రోజు, ఒక్కపొద్దు రోజు రాయకూడదు, మళ్ళీ రావాలి.

ఇంకోటి చెప్తా. గిన్నెలో కూరని ఇంటిల్లిపాదికీ పంచి లెక్కేస్తే అందరూ బాగానే తిన్నట్టు కనబడుతుంది. ఇంటావిడ ఆఖర్న కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో పులుసు మిగులుతుంది గానీ ముక్క మిగలదు. మనిషి మనిషికీ విడిగా అడిగితేనే ఇది బయటపడుతుంది.

ఆవకాయ_అభిమాని
“పులుసు మిగులుతుంది గానీ ముక్క మిగలదు.” మా అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, నా వైపు చూసింది అంతే.

లెక్కలమాస్టారు
@సర్వేఅక్క ఇంత వివరంగా రాసినందుకు థ్యాంక్స్. మీరు చెప్పిన ‘మరిచిపోవడం’ ఒక్క పల్లెల్లోనే కాదు, అన్ని దేశాల్లోనూ ఉంది. మనిషి ఖర్చు చేసే శక్తిని ప్రత్యేకమైన నీళ్ళు తాగించి, మూత్రం పరీక్షించి కొలిచే పద్ధతి ఒకటుంది. దానితో పోల్చి చూస్తే జనం తాము తిన్నామని చెప్పేది తక్కువగానే ఉంటోంది. లావుగా ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ చెప్తారు. ఉప్పు సంగతీ అంతే. నోటి లెక్కని నమ్మకుండా 24 గంటల మూత్రం పట్టి సోడియం చూస్తారు.

కాబట్టి యాప్‌లో మనమే కొట్టిన దానికి మనమే 81 వేయించుకోవడం అంటే సొంత పేపర్ మనమే దిద్దుకున్నట్టు.

తార్నాక_వాసి
ఇంత చర్చ జరుగుతోంది, మన ఇంటి పక్కన ఉన్న ఎన్‌ఐఎన్ పేరు ఎవరూ ఎత్తలేదు! జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి మీద చిన్న విచారణ విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. సర్వేఅక్క చెప్పిన లాంటి సర్వేలు ఇక్కడి నుంచి 1972లో మొదలైన పోషణ పర్యవేక్షణ బ్యూరో ద్వారా దశాబ్దాల పాటు జరిగాయి.

మార్కుల గొడవ లేకుండా కంచం లెక్క కావాలంటే 2024లో వాళ్ళు ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. 2000 క్యాలరీల రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు. ధాన్యాల నుంచి 45 శాతం క్యాలరీలు దాటొద్దన్నారు. మన దేశపు మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరిగ్గా లేని తిండి వల్లేనని కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

అనంత_వేరుశనగ
400 గ్రాముల కూరగాయలా? మనిషికా, ఇంటికా?

తార్నాక_వాసి
మనిషికి.

అనంత_వేరుశనగ
నలుగురు ఉన్న ఇంటికి రోజుకి కేజీన్నర పైన. టమాటా ధర ఎక్కిన నెలలో మా మండలంలో కూలికి పోయే ఇంటికి ఈ కంచం చూపించి రండి. రేషన్లో మనిషికి నెలకి 5 కేజీల బియ్యం ఉచితంగా వస్తాయి. బీరకాయ రాదు, జామకాయ రాదు. కడుపు నింపేది ఏది చవకో అదే తింటాం. మీ స్కోరు తక్కువ వస్తే తప్పు మాదా?

నీలవేణి_డైట్
మీది కాదు. పండ్లు, కూరగాయలు తినేవాళ్ళకి జబ్బులు తక్కువ అని ఏ అధ్యయనం చెప్పినా నేను మొదట చూసేది, డబ్బు, చదువు, నడక ఇవన్నీ లెక్కలోంచి తీసేశారా అని. తీసేసినా కొంత మిగిలిపోతుంది. ఆపిల్ కొనగలిగినవాడు డాక్టరు దగ్గరికీ తొందరగా వెళ్ళగలడు.

లెక్కలమాస్టారు
మన దేశంలో ఇది తలకిందులుగా కూడా పనిచేస్తుంది. పాలు, పండ్లు, నెయ్యి, మాంసం ఎక్కువ తినగలిగేది డబ్బున్నవాళ్ళు. కూర్చుని పనిచేసేదీ వాళ్ళే. కాబట్టి స్కోరు బాగున్న ఇంట్లోనే పొట్ట, షుగర్ ఎక్కువ కనబడవచ్చు.

గోదారోడు66
చూశారా, అందుకే హడావుడి అన్నాను. ఏదీ తేలదు. మెడిటరేనియన్ అన్నారు, స్పెయిన్లో చేసిన పెద్ద ప్రయోగాన్నే వెనక్కి తీసుకున్నారని ఎక్కడో చదివాను.

లెక్కలమాస్టారు
సగం చదివారు. ప్రెడిమెడ్ అని, 7 వేల పైచిలుకు మంది. మెడిటరేనియన్ తిండితో పాటు కొందరికి ఆలివ్ నూనె, కొందరికి గింజలు, మిగిలినవాళ్ళకి కొవ్వు తగ్గించుకోమని సలహా. 2013లో అచ్చయింది. లాటరీ ప్రకారం మనుషుల్ని విడివిడిగా కేటాయించాల్సింది పోయి, ఒక చోట ఊళ్ళకి ఊళ్ళనే ఒకే గుంపులో వేసేశారని తర్వాత తేలింది. 2018లో దాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్ళీ వేసి, అదే పత్రికలో మళ్ళీ అచ్చేశారు. గుండెజబ్బు, పక్షవాతం తగ్గాయన్న ఫలితం దాదాపు అలాగే నిలిచింది, కాకపోతే మాటల్లో ధీమా తగ్గించారు. తప్పు పట్టుకుని దిద్దారంటే నాకు నమ్మకం పెరిగింది. మీకు తగ్గింది. కానివ్వండి.

తార్నాక_వాసి
స్పెయిన్ దాకా ఎందుకు, మన పక్కనే ఒకటి జరిగింది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీ) పథకం విడతలవారీగా వస్తున్న సమయమది. ముందు వచ్చిన ఊళ్ళలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. మిగిలిన ఊళ్ళకి పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ వెళ్ళి కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసుతనం తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

గోదారోడు66
ఉప్మాతోనా! ఉప్మాని తిట్టిన ప్రతివాడూ క్షమాపణ చెప్పాలి.

లెక్కలమాస్టారు
మంచి ఉదాహరణ. ఒక్క మాట మాత్రం కలుపుతాను. ఏ ఊరికి పథకం ముందు రావాలన్నది లాటరీ వేసి నిర్ణయించలేదు, ప్రభుత్వం వరుస అది. కాబట్టి ఊళ్ళ మధ్య వేరే తేడాలు ఉండే అవకాశం ఉంది. అయినా పుట్టకముందూ పసితనంలోనూ అందిన తిండి పదిహేనేళ్ళ తర్వాత ఒంట్లో కనబడిందంటే, ఒక వారం యాప్ మార్కుతో ఇవాళ్టి షుగర్‌ని పోల్చడం ఎంత తొందరపాటో చూడండి.

పల్లవి_పీహెచ్‌సీ
ఆశా, అంగన్‌వాడీ వాళ్ళతో పనిచేస్తుంటాను. మేము వాడేది వీటన్నిటికంటే సులువు. పది రకాల ఆహార గుంపులు, నిన్న ఒక రోజులో కనీసం ఐదు తిన్నదా లేదా. 15–49 ఏళ్ళ ఆడవాళ్ళకోసం చేసిన కొలత, ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ళు 2016లో పుస్తకంగా ఇచ్చారు. ధాన్యాలు, పప్పులు, గింజలు, పాలు, మాంసం-చేప, గుడ్లు, ముదురాకు కూరలు, విటమిన్ ఎ ఉన్న పసుపు-నారింజ రంగు పండ్లు కూరలు, మిగతా కూరలు, మిగతా పండ్లు. ఒక్కో గుంపుకి కనీసం 15 గ్రాములుండాలి. పోపులో కరివేపాకు, పైన చల్లిన కొత్తిమీర లెక్కలోకి రావు.

సన్నబియ్యం_సతీష్
అయితే మన భోజనం ఈజీగా పాస్. అన్నం, పప్పు, తోటకూర, వంకాయ, పెరుగు. అయిదు.

పల్లవి_పీహెచ్‌సీ
పాసే. కానీ దేంట్లో పాస్? విటమిన్లు, ఖనిజాలు సరిపడా అందే అవకాశం ఉందా అన్నదే ఆ కొలత చెప్పేది. అన్నం మూడు కంచాలు తిన్నారా అని అది అడగదు. షుగర్, బీపీ గురించి దానికి తెలియదు. పైగా ఊరి మొత్తానికి ‘ఎంత శాతం మంది దాటారు’ అని చూడ్డానికి పుట్టింది. ఒక్క మనిషిని పట్టుకుని “నువ్వు ఫెయిల్” అనడానికి కాదు. మా దగ్గర ఒక సూపర్‌వైజర్ అదే పని చేసి ఒక బాలింతని ఏడిపించింది.

నీలవేణి_డైట్
అందుకే 2021లో రెండూ కలిపి చూసే స్కోరు ఒకటి వచ్చింది, జీడీక్యూఎస్ (గ్లోబల్ డైట్ క్వాలిటీ స్కోర్). 25 గుంపులు, 0 నుంచి 49 దాకా. పోషకాల లోటు, షుగర్-గుండెజబ్బుల ముప్పు రెండిటికీ పనికొచ్చేలా చేశారు. 15 లోపు ఉంటే ముప్పు ఎక్కువ, 23 గానీ అంతకు మించి గానీ ఉంటే తక్కువ. అందులో తెల్లబియ్యం, మైదా ఎక్కువ తింటే మార్కులు పోతాయి, బయట కొన్న నూనెలో వేయించినవి, తీపి పానీయాలు కూడా అంతే. మన తిండికి అమెరికా స్కోరు కంటే ఇది దగ్గర.

డల్లాస్_దోసె
@నీలవేణి_డైట్ అయినా ఒక్క మనిషికి ఇది ఎంతవరకు పనికొస్తుంది? రోజూ ఒకేలా తినం కదా.

నీలవేణి_డైట్
ఒక్క రోజు లెక్కతో ఒక్క మనిషి గురించి చెప్పడం కష్టమే. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను మార్కులు వేయను. మూడు రోజులు రాయిస్తాను, అందులో ఒకటి ఆదివారం ఉండాలి. తర్వాత మూడే చూస్తాను: వండకముందు బియ్యం ఎంత, పప్పు లేదా గుడ్డు ఎంత, కూర ఎంత. @కృష్ణాతీరం మీరూ అదే చేయండి. నాన్నగారి కొర్రలు వండకముందు ఒకసారి తూచండి. పప్పు కూడా. మందుల సంగతి మాత్రం డాక్టరుతోనే, ఇక్కడ ఎవరూ సలహాలు ఇవ్వకండి.

కృష్ణాతీరం
ఇవాళ తూచాను. కొర్రలు ఒక్క పూటకే 160 గ్రాములు. కందిపప్పు ఇంట్లో ముగ్గురికీ కలిపి 40.

నీలవేణి_డైట్
ఆ రెండు అంకెలూ డాక్టరుకి చూపించండి. 81 చూపించక్కర్లేదు.

సర్వేఅక్క
నూనె కూడా నెలంతా రాసుకోండి. ప్యాకెట్ విప్పిన రోజు తేదీ దాని మీదే పెన్నుతో రాస్తే చాలు.

ఆవకాయ_అభిమాని
నాదొక డౌట్. గోంగూర పచ్చడి ఆకుకూర కింద వస్తుందా?

పల్లవి_పీహెచ్‌సీ
ఎంత వేసుకుంటారు?

ఆవకాయ_అభిమాని
రెండు ముద్దలకి సరిపడా. రోజూ.

పల్లవి_పీహెచ్‌సీ
ఉప్పు లెక్కలో రాయండి.